ఐరన్²⁺ కి క్రోమియం విన్యాసం ఎందుకు రాయకూడదు: పరమాణువులకీ అయాన్లకీ ఎలక్ట్రాన్ విన్యాసం రాసే పద్ధతి

ఏ ఉపకర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో చూపే రాతే ఎలక్ట్రాన్ విన్యాసం. 4ఎస్ అంటే 4 కర్పరం (పొర) సంఖ్య, ఎస్ ఆ పొరలోని ఉపకర్పరం. మీ ప్రశ్నలో మూడు చిక్కులు కలిసిపోయి ఉన్నాయి. ఐరన్²⁺ లో ఉన్నవి 24 ఎలక్ట్రాన్లే కదా, పరమాణు సంఖ్య 24 ఉన్న క్రోమియం విన్యాసాన్నే దానికీ రాస్తే తప్పేమిటన్నది మొదటిది. 4ఎస్ ముందు నిండుతుందని చెప్పినవాళ్లే, ఎలక్ట్రాన్లు తీసేటప్పుడు కూడా 4ఎస్ నుంచే ముందు తీయమంటారేమిటన్నది రెండోది. క్రోమియం, కాపర్ లాంటి మినహాయింపులు ఎన్ని బట్టీ పట్టాలన్నది మూడోది. మొదటి రెండింటికీ జవాబు ఒక్కటే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఎలక్ట్రాన్లు ఎన్ని అన్నదొక్కటే విన్యాసాన్ని తేల్చదు. వాటిని లాగుతున్న కేంద్రకంలో ప్రోటాన్లు ఎన్ని అన్నది కూడా చూడాలి. సరిగ్గా 19 ఎలక్ట్రాన్లున్న నాలుగింటిని వరసగా పెట్టి చూడండి. ఇందులో [ఆర్గాన్] అంటే ఆర్గాన్‌లో ఉన్నట్టే అమరిన 18 ఎలక్ట్రాన్లు, 4ఎస్ పైనున్న చిన్న అంకె అందులోని ఎలక్ట్రాన్ల సంఖ్య.

పొటాషియం (19 ప్రోటాన్లు): [ఆర్గాన్] 4ఎస్¹
కాల్షియం⁺ (20 ప్రోటాన్లు): [ఆర్గాన్] 4ఎస్¹
స్కాండియం²⁺ (21 ప్రోటాన్లు): [ఆర్గాన్] 3డి¹
టైటానియం³⁺ (22 ప్రోటాన్లు): [ఆర్గాన్] 3డి¹

నాలుగింటిలోనూ ఆర్గాన్ పైన మిగిలింది ఒకే ఒక్క ఎలక్ట్రాన్. అది పొటాషియంలో 4ఎస్‌లో ఉంది, స్కాండియం²⁺ లో 3డిలో ఉంది. మధ్యలో మారింది కేంద్రక ఆవేశం మాత్రమే. 3డి ఆర్బిటాల్ (ఉపకర్పరంలో ఎలక్ట్రాన్ ఉండే చోటు) 4ఎస్ కంటే చిన్నది, కేంద్రకానికి దగ్గరగా ముడుచుకుని ఉంటుంది. ప్రోటాన్లు పెరిగేకొద్దీ దాని శక్తి 4ఎస్ శక్తి కంటే వేగంగా దిగిపోతుంది. కాల్షియం దాటగానే 3డి కిందికి వచ్చేస్తుంది.

అలాంటప్పుడు స్కాండియం పరమాణువులో మూడు ఎలక్ట్రాన్లూ 3డిలోకే పోయి 3డి³ కావాలి కదా అని మీకు వెంటనే అనుమానం వస్తుంది. రావాల్సిందే. స్కాండియం³⁺ తో మొదలుపెట్టి ఒక్కొక్క ఎలక్ట్రాన్ చేర్చుకుంటూ వెళ్లండి. మొదటిది 3డిలోకి వెళ్తుంది. రెండోది 4ఎస్‌లోకి వెళ్తుంది, అంటే స్కాండియం⁺ విన్యాసం 3డి¹ 4ఎస్¹. మూడోది కూడా 4ఎస్‌లోకే. 3డి ఇరుకు గది లాంటిది, అందులో ఇద్దరు చేరితే వికర్షణ ఎక్కువ. 4ఎస్ విశాలమైనది. అందుకే రెండో ఎలక్ట్రాన్ కాస్త ఎత్తులో ఉన్న 4ఎస్‌కి పోయినా మొత్తం పరమాణువు శక్తి తగ్గుతుంది. చూడాల్సింది ఒక్క ఆర్బిటాల్ ఎత్తు కాదు, మొత్తం పరమాణువు శక్తి.

కాబట్టి '4ఎస్ ముందు నిండుతుంది' అనే మాట అక్షరాలా నిజమయ్యేది పొటాషియం, కాల్షియం దగ్గరే. స్కాండియం నుంచి అది లెక్క సులువు కోసం వాడే వరస మాత్రమే. ఆ వరసలో లెక్కపెడితే చివరికొచ్చే మొత్తం సరిగ్గానే ఉంటుంది, వాడుకోండి. నిజంగా ఎలక్ట్రాన్లు ఆ క్రమంలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చి కూర్చున్నాయని మాత్రం అనుకోకండి. ఈ నింపే వరసనే ఆఫ్‌బౌ అంటారు, జర్మన్‌లో కట్టుకుంటూ పోవడం అని అర్థం. పక్క మూలకానికి వెళ్లినప్పుడల్లా అక్కడ ఒక ఎలక్ట్రాన్‌తో పాటు ఒక ప్రోటాన్ కూడా చేరుతోంది. అయాన్ చేసేటప్పుడు ప్రోటాన్లు కదలవు, ఎలక్ట్రాన్లు మాత్రమే పోతాయి. రెండూ వేరు వేరు పనులు. ఒకదాన్ని వెనక్కి తిప్పితే రెండోది రాదు.

ఇప్పుడు మీ ఐరన్²⁺ కి వద్దాం. ఐరన్ పరమాణువు [ఆర్గాన్] 3డి⁶ 4ఎస్². ఇందులోంచి 4ఎస్‌లోని రెండూ తీస్తే ఐరన్²⁺ అంటే [ఆర్గాన్] 3డి⁶. ఇంకొకటి 3డి నుంచి తీస్తే ఐరన్³⁺ అంటే [ఆర్గాన్] 3డి⁵. పక్కనే క్రోమియం పరమాణువు [ఆర్గాన్] 3డి⁵ 4ఎస్¹. రెండింటిలోనూ 24 ఎలక్ట్రాన్లే ఉన్నా విన్యాసాలు వేరు.

ఈ తప్పు పరీక్షలో దొరక్కుండా దాక్కునే తీరు చెబుతాను. 24 ఎలక్ట్రాన్లను ఆఫ్‌బౌ వరసలో నింపేసి ఐరన్²⁺ కి 3డి⁴ 4ఎస్² అని రాసినవాళ్లకి జతకాని ఎలక్ట్రాన్లు (ఆర్బిటాల్‌లో ఒంటరిగా ఉన్నవి) నాలుగు వస్తాయి. అసలు విన్యాసం 3డి⁶ లో కూడా నాలుగే. జవాబు సరిపోయింది కాబట్టి పద్ధతి సరైనదే అనుకుంటారు. అదే పద్ధతిలో ఐరన్³⁺ చేస్తే 3డి³ 4ఎస్² వచ్చి, జతకానివి మూడు అని తేలుతుంది. నిజానికి ఐదు. క్రోమియం విన్యాసాన్ని గుర్తుంచుకుని ఐరన్²⁺ కి 3డి⁵ 4ఎస్¹ రాసినవాళ్లకి ఆరు వస్తాయి, అదీ తప్పే. ప్రయోగం ఏమంటుందో చూడాలంటే అయస్కాంత భ్రామకం (అయాన్ ఎంత బలమైన అయస్కాంతంలా ప్రవర్తిస్తుందో చెప్పే కొలత) ఉంది. జతకాని ఎలక్ట్రాన్ల సంఖ్యని, దానికి రెండు కలిపిన సంఖ్యతో గుణించి వర్గమూలం తీస్తే బోర్ మాగ్నెటాన్లలో విలువ వస్తుంది. ఒకటికి 1.73, రెండుకి 2.83, మూడుకి 3.87, నాలుగుకి 4.90, ఐదుకి 5.92. ఐరన్³⁺ సాధారణ లవణాల్లో కొలిస్తే 5.9 దగ్గర వస్తుంది. మూడు జతకాని ఎలక్ట్రాన్లతో ఆ విలువ రాదు.

ఇక రాసే పద్ధతి. బాణం గుర్తులు ఏటవాలుగా గీసే పటం అందరికీ తెలుసు. నన్నడిగితే దాని బదులు ఆవర్తన పట్టికనే చదవడం నేర్చుకోండి, తప్పులు తక్కువ. పట్టికలో ఎడమవైపు రెండు నిలువు వరసలు ఎస్ బ్లాకు, కుడివైపు ఆరు పి బ్లాకు, మధ్యలో పది డి బ్లాకు, కింద విడిగా ఉన్న పద్నాలుగు ఎఫ్ బ్లాకు. ఈ 2, 6, 10, 14 అన్నవే ఆయా ఉపకర్పరాల సామర్థ్యాలు. పీరియడ్ (అడ్డు వరస) సంఖ్య ఎంతో ఎస్, పిలకి అంతే సంఖ్య. డికి ఒకటి తక్కువ, ఎఫ్‌కి రెండు తక్కువ. అంటే నాలుగో పీరియడ్‌లో నడిస్తే 4ఎస్, 3డి, 4పి. ఆరో పీరియడ్‌లో నడిస్తే 6ఎస్, 4ఎఫ్, 5డి, 6పి. ఇంతే.

పట్టిక చేతిలో లేకపోతే ఎన్+ఎల్ నియమం వాడుకోండి, దీన్ని మాడెలుంగ్ పేరుతో పిలుస్తారు. ఎన్ అంటే కర్పరం సంఖ్య. ఎస్‌కి ఎల్ విలువ 0, పికి 1, డికి 2, ఎఫ్‌కి 3. మొత్తం తక్కువైనది ముందు. 4ఎస్‌కి 4, 3డికి 5, కాబట్టి 4ఎస్ ముందు. 3డి, 4పి రెండింటికీ 5 వస్తే ఎన్ తక్కువైన 3డి ముందు. ఎక్కువమంది తడబడేది 7 మొత్తం దగ్గర. 4ఎఫ్, 5డి, 6పి, 7ఎస్ నాలుగింటికీ 7 వస్తుంది, ఎన్ పెరిగే క్రమంలో ఇలాగే రాయాలి.

ఒక ఉదాహరణ మొత్తం చేద్దాం, కాస్త పెద్దదే తీసుకుందాం. సీసం, పరమాణు సంఖ్య 82. దాని ముందున్న జడవాయువు జినాన్, 54. మిగిలినవి 28. ఆరో పీరియడ్‌లో నడవండి: 6ఎస్‌లో 2, మిగిలినవి 26. 4ఎఫ్‌లో 14, మిగిలినవి 12. 5డిలో 10, మిగిలినవి 2. ఆ రెండూ 6పిలో. ఇప్పుడు వీటిని నింపిన వరసలో కాకుండా కర్పరాల వరసలో సర్ది రాయండి:

సీసం: [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి¹⁰ 6ఎస్² 6పి²

ఇలా సర్ది రాయడం చాలామంది వదిలేసే మెట్టు, కానీ అయాన్లలో చాలా తప్పులు దీన్ని వదిలేయడం వల్లే వస్తాయి. ఇలా రాస్తే తీయాల్సిన ఎలక్ట్రాన్లు ఎప్పుడూ కుడి చివర ఉంటాయి. నింపిన వరసలోనే వదిలేస్తే, అంటే ఐరన్‌ని 4ఎస్² 3డి⁶ అని రాస్తే, చెయ్యి దానంతటదే చివర కనిపించే 3డి మీదికి పోతుంది. పరమాణువుకి రెండు రాతలూ సరైనవే, మార్కులు తగ్గించరు. అయాన్ అడిగితే మాత్రం మొదటి పని సర్దడం.

ఆ తర్వాత జడవాయువు సంఖ్యకి ఘాతాలు (పైన రాసిన చిన్న అంకెలు) కలిపి మొత్తం చూసుకోండి. 54+14+10+2+2 = 82. సరిపోయింది. పది సెకన్ల పని, వదలొద్దు. బ్రోమిన్‌కి (35) [ఆర్గాన్] 4ఎస్² 4పి⁵ అని రాసేవాళ్లు కోకొల్లలు. కూడితే 25 వస్తుంది, పది మాయమయ్యాయని, అంటే 3డి¹⁰ మర్చిపోయామని అక్కడే తెలిసిపోతుంది. అయోడిన్, యాంటిమొనీ, తగరం దగ్గర ఇలాగే 4డి¹⁰ మర్చిపోతారు. బంగారం నుంచి సీసం దాకా 4ఎఫ్¹⁴ మర్చిపోతారు. తేడా 10 అయితే డి, 14 అయితే ఎఫ్ తప్పిపోయిందన్నమాట.

ధనాత్మక అయాన్‌కి నియమం: ఎన్ పెద్దదైన కర్పరం నుంచి ముందు తీయాలి. ఒకే ఎన్‌లో ఎస్, పి రెండూ ఉంటే పి నుంచి ముందు. దీని ప్రకారం సీసం²⁺ లో 6పి² పోయి 6ఎస్² మిగులుతుంది, సీసం⁴⁺ లో ఆ 6ఎస్² కూడా పోయి [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి¹⁰ మిగులుతుంది. '4ఎస్ ముందు పోతుంది' అన్నదాన్ని 'ఎస్ ముందు పోతుంది' అని గుర్తు పెట్టుకున్నవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. వాళ్లు తగరం²⁺ కి [క్రిప్టాన్] 4డి¹⁰ 5పి² అని రాస్తారు. సరైనది [క్రిప్టాన్] 4డి¹⁰ 5ఎస్². ముందు పోవడానికి కారణం ఎస్ కావడం కాదు, బయటి కర్పరంలో ఉండటం. సీసం, థాలియం, బిస్మత్ తమ 6ఎస్² జంటను వదులుకోవడానికి మొగ్గు చూపవు, దీన్నే జడ జంట ప్రభావం అంటారు. సీసం +2 గా స్థిరంగా ఉండటం, +4 లో ఉన్న సీసం డయాక్సైడ్ బలమైన ఆక్సీకరణి (ఇతర పదార్థాల నుంచి ఎలక్ట్రాన్లు లాక్కునేది) కావడం ఇందువల్లే. కారు బ్యాటరీలో ధన ఫలకం పని అంతా దీని మీదే నడుస్తుంది.

రుణాత్మక అయాన్లతో పెద్ద పని లేదు. పిలో (హైడ్రోజన్‌కైతే 1ఎస్‌లో) ఖాళీ నింపితే సరి. క్లోరైడ్ [నియాన్] 3ఎస్² 3పి⁶, బ్రోమైడ్ [ఆర్గాన్] 3డి¹⁰ 4ఎస్² 4పి⁶, హైడ్రైడ్ 1ఎస్². ఇక్కడ ఒక్క జాగ్రత్త: 1ఎస్² 2ఎస్² 2పి⁶ ఎవరిది అని అడిగితే నియాన్ అని ముగించకండి. నైట్రైడ్, ఆక్సైడ్, ఫ్లోరైడ్, సోడియం⁺, మెగ్నీషియం²⁺, అల్యూమినియం³⁺ అన్నింటిదీ అదే. ఆవేశం చెప్పందే మూలకం తేలదు.

ఇక మినహాయింపులు. 3డి వరసలో రెండే: క్రోమియం 3డి⁵ 4ఎస్¹, కాపర్ 3డి¹⁰ 4ఎస్¹. సగం నిండిన, పూర్తిగా నిండిన ఉపకర్పరాలకి అదనపు స్థిరత్వం అని పాఠాల్లో రాస్తారు. దాని వెనకున్నది మారక శక్తి. ఒకే దిశలో స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ల జంటలు ఎన్ని ఎక్కువైతే అంత శక్తి తగ్గుతుంది. డి⁴ లో అలాంటి జంటలు 6, డి⁵ లో 10. దీనికి తోడు క్రోమియంలో 4ఎస్‌లో రెండో ఎలక్ట్రాన్‌ని జతగా ఇరికించాల్సిన ఖర్చు తప్పుతుంది.

ఈ వివరణని ఇంటర్ స్థాయిలో సరిపోతుందని వదిలేయవచ్చు, కానీ దాన్ని సర్వనియమంగా పట్టుకుంటే కింది వరసల్లో దెబ్బ తింటారు. 4డి వరసలో నియోబియం 4డి⁴ 5ఎస్¹, మాలిబ్డినం 4డి⁵ 5ఎస్¹, రుథేనియం 4డి⁷ 5ఎస్¹, రోడియం 4డి⁸ 5ఎస్¹, పల్లాడియం 4డి¹⁰, వెండి 4డి¹⁰ 5ఎస్¹. వీటిలో నియోబియం, రుథేనియం, రోడియంలలో సగమూ లేదు, పూర్తీ లేదు. పల్లాడియంలో అయితే 5ఎస్ ఖాళీ, ఐదో పీరియడ్ మూలకమై ఉండి ఐదో కర్పరంలో ఒక్క ఎలక్ట్రానూ లేదు. ఇక క్రోమియం గ్రూపులోనే కింద ఉన్న టంగ్‌స్టన్ [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి⁴ 6ఎస్², అంటే మినహాయింపు కాదు. క్రోమియంని చూసి టంగ్‌స్టన్‌కి 5డి⁵ 6ఎస్¹ రాయడం బాగా చదివేవాళ్లు చేసే తప్పు. భారీ పరమాణువుల్లో కేంద్రకానికి దగ్గరగా ఎలక్ట్రాన్లు అత్యంత వేగంగా కదులుతాయి. ఆ సాపేక్షతా ప్రభావం వల్ల 6ఎస్ మరింత కిందికి దిగుతుంది కాబట్టి అక్కడ రెండు ఎలక్ట్రాన్లు ఉండటమే లాభం. 5డిలో ప్లాటినం 5డి⁹ 6ఎస్¹, బంగారం 5డి¹⁰ 6ఎస్¹ గుర్తుంచుకోండి.

నికెల్ సంగతి చూస్తే ఈ తేడాలు ఎంత చిన్నవో తెలుస్తుంది. దాని భూస్థాయి (అతి తక్కువ శక్తి ఉన్న స్థితి) 3డి⁸ 4ఎస్². 3డి⁹ 4ఎస్¹ విన్యాసపు అతి తక్కువ స్థాయి దానికి 0.025 ఎలక్ట్రాన్ వోల్టుల పైన మాత్రమే ఉంది. ఐరన్ నుంచి మొదటి ఎలక్ట్రాన్ తీయడానికే 7.9 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, దాంతో పోల్చండి. ఇంత వెంట్రుకవాసి తేడాలని ఏ సులువైన సూత్రమూ ముందే చెప్పలేదు. అందుకే మినహాయింపులకి కారణం వెతుక్కుంటూ కూర్చోవడం కంటే పట్టికలో చూసుకోవడం మేలు.

బట్టీ పట్టాల్సిన భారం చాలావరకు తగ్గించే కిటుకు ఒకటుంది. పరివర్తన (డి బ్లాకు) మూలకాల్లో ఆవేశం +2 గానీ అంతకంటే ఎక్కువగానీ ఉంటే, మనకు మామూలుగా తగిలే అయాన్లలో బయటి ఎస్ ఖాళీ అయిపోతుంది. అప్పుడు డి ఎలక్ట్రాన్ల సంఖ్య అంటే గ్రూపు (పట్టికలో నిలువు వరస) సంఖ్యలోంచి ఆవేశం తీసేయడమే. ఐరన్ 8వ గ్రూపు, ఐరన్²⁺ లో డి⁶. క్రోమియం 6వ గ్రూపు, క్రోమియం³⁺ లో డి³. కాపర్²⁺ 11లో 2 పోతే డి⁹. పల్లాడియం²⁺ డి⁸, ప్లాటినం⁴⁺ డి⁶, బంగారం³⁺ డి⁸. పరమాణువు మినహాయింపు అయినా కాకపోయినా ఒకటే లెక్క. సమన్వయ సమ్మేళనాల పాఠంలో మీకు కావాల్సింది ఎటూ ఇదే.

+1 అయాన్ల దగ్గర మాత్రం ఈ కిటుకు వాడకండి. మాంగనీస్⁺ లో 3డి⁵ 4ఎస్¹, ఐరన్⁺ లో 3డి⁶ 4ఎస్¹ ఉంటే, కోబాల్ట్⁺ లో 3డి⁸, నికెల్⁺ లో 3డి⁹ ఉన్నాయి. కోబాల్ట్ పరమాణువులో 3డి⁷ 4ఎస్² ఉన్నప్పుడు ఒకటి తీస్తే 3డి⁸ రావడమంటే, 4ఎస్ నుంచి ఒకటి పోయి రెండోది 3డిలోకి దిగిపోయిందన్నమాట. విడిగా వాయుస్థితిలో ఉన్న అయాన్ల సంగతి ఇది, ఇంటర్ పరీక్షలో అడగరు. 'కుడి చివర నుంచి కోసేయడం' కూడా చివరికి ఒక సులువు పద్ధతే, ప్రకృతి నియమం కాదని తెలియడానికి చెప్పాను.

లాంథనైడ్లలో (ఎఫ్ బ్లాకు పై వరసలో) పరమాణువుల విన్యాసాలు గజిబిజిగా ఉంటాయి. లాంథనం 5డి¹ 6ఎస్², సీరియం 4ఎఫ్¹ 5డి¹ 6ఎస్², ప్రసియోడైమియం దగ్గర 4ఎఫ్³ 6ఎస్², మళ్లీ గడోలినియం 4ఎఫ్⁷ 5డి¹ 6ఎస్². +3 అయాన్లకి వస్తే అంతా చదునైపోతుంది: పరమాణు సంఖ్యలోంచి 57 తీసేస్తే 4ఎఫ్ ఎలక్ట్రాన్లు. నియోడైమియం³⁺ (60) 4ఎఫ్³, గడోలినియం³⁺ (64) 4ఎఫ్⁷, ఇటర్బియం³⁺ (70) 4ఎఫ్¹³. యూరోపియం +2 గా కూడా దొరకడానికి కారణం అప్పుడు 4ఎఫ్⁷ రావడం. సీరియం +4 లోకి వెళ్లేది 4ఎఫ్ ఖాళీ చేసుకోవడానికి. ఆక్టినైడ్లలో (దాని కింది వరసలో) రెండు మనకి దగ్గరివి. మన కోస్తా ఇసుకలోని మోనజైట్ ఖనిజంలో ఉండే థోరియం (90) ఎఫ్ బ్లాకులో ఉన్నా దాని విన్యాసం [రేడాన్] 6డి² 7ఎస్², ఎఫ్ ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో తీసే యురేనియం (92) [రేడాన్] 5ఎఫ్³ 6డి¹ 7ఎస్². దాని +4 అయాన్ 5ఎఫ్²: ముందు 7ఎస్, తర్వాత 6డి, ఆ తర్వాతే 5ఎఫ్.

ఎలక్ట్రాన్లు ఈ క్రమంలో పోతాయనడానికి ఆధారం కావాలంటే అయనీకరణ శక్తులు (ఒక్కొక్క ఎలక్ట్రాన్ తీయడానికి కావాల్సిన శక్తి) చూడండి. మోల్‌కు కిలోజౌళ్లలో మాంగనీస్‌కి వరసగా 717, 1509, 3248. ఐరన్‌కి 762, 1561, 2957. మొదటి రెండూ ఐరన్‌కే కాస్త ఎక్కువ, ఒక ప్రోటాన్ ఎక్కువ ఉంది కాబట్టి సహజం. మూడోది తిరగబడింది. మాంగనీస్²⁺ 3డి⁵ కాబట్టి దాన్ని చెడగొట్టడం కష్టం. ఐరన్²⁺ 3డి⁶ కాబట్టి జతగా ఉన్న ఆ ఆరోదాన్ని తీయడం సులువు. ఐరన్²⁺ లో 4ఎస్² మిగిలి ఉండుంటే ఈ తిరగబాటు ఇలా కనిపించేది కాదు. గాలి తగిలితే +2 ఐరన్ లవణం +3 కి మారిపోవడం, +2 మాంగనీస్ లవణం అలాగే ఉండిపోవడం వెనక కూడా ఈ తేడా ఉంది. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పాతబడితే పైన పసుపు గోధుమరంగు పొర కట్టేది ఇందుకే.

రంగుల గురించి కూడా ఒక మాట. కాపర్²⁺ 3డి⁹, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీలం. జింక్²⁺ 3డి¹⁰, వరిపొలంలో చల్లే జింక్ సల్ఫేట్ తెలుపు. డిలో ఎలక్ట్రాన్లూ ఖాళీ రెండూ ఉంటే రంగు, లేకపోతే తెలుపు అని మొదటి అంచనాగా బాగానే పనిచేస్తుంది. కానీ రంగుని బట్టి విన్యాసం రాయకండి. మైలుతుత్తాన్ని కాల్చి నీళ్లు పోగొడితే తెల్లబడుతుంది, అప్పుడూ కాపర్²⁺ లో 3డి⁹ అలాగే ఉంది. పర్మాంగనేట్‌లో మాంగనీస్ +7, అంటే 3డి⁰, అయినా ముదురు ఊదా. అక్కడ రంగు ఆక్సిజన్ నుంచి మాంగనీస్‌కి ఆవేశం బదిలీ కావడం వల్ల వచ్చేది.

ఆర్బిటాల్‌కొక గడి గీసి, ఎలక్ట్రాన్‌కొక బాణం పెట్టేటప్పుడు హుండ్ నియమం పాటించండి: ఐదు గళ్లలో ముందు ఒక్కొక్కటి ఒకే దిశలో, ఆరోది నుంచి జత. 3డి⁶ కి మొదటి గడిలో జత, మిగతా నాలుగింటిలో ఒక్కొక్కటి. మూడు గళ్లలో జతలు పెట్టి రెండు ఖాళీగా వదిలితే విడి అయాన్‌కి తప్పు. కానీ అదే అమరిక పొటాషియం ఫెర్రోసైనైడ్‌లో నిజం! సైనైడ్ లాంటి బలమైన లైగాండ్ల (లోహ అయాన్‌ని చుట్టి అంటుకుని ఉండే అయాన్లు, అణువుల) మధ్య డి ఆర్బిటాళ్లు రెండు అంతస్తులుగా చీలి, ఆరూ కింది అంతస్తులో జతకడతాయి. విన్యాసం 3డి⁶ మారలేదు, లోపల సర్దుకున్న తీరే మారింది. ప్రశ్నలో ఉన్నది విడి అయానా, సంశ్లిష్టమా (లైగాండ్లు చుట్టినదా) అని చూసుకుని గీయండి.

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) తరహా ప్రశ్నల్లో ఇంకో రెండు చోట్ల పొరబడతారు. 'చివరి ఎలక్ట్రాన్ క్వాంటం సంఖ్యలు' (ఎలక్ట్రాన్ స్థితిని చెప్పే నాలుగు సంఖ్యలు) అంటే ఆఫ్‌బౌ వరసలో చివర చేరినది అని అర్థం చేసుకోవాలి. స్కాండియంకి అది 3డి, అంటే ఎన్ 3, ఎల్ 2. 'బాహ్యతమ ఎలక్ట్రాన్' అంటే 4ఎస్, ఎన్ 4, ఎల్ 0. అయస్కాంత, స్పిన్ క్వాంటం సంఖ్యలకి ఫలానా విలువే అని లేదు. −2 నుంచి మొదలెట్టినా +2 నుంచి మొదలెట్టినా సంప్రదాయమే. ఐచ్ఛికాల్లో ఎన్, ఎల్ సరిపోయి, అయస్కాంత సంఖ్య ఎల్ పరిధిలో ఉన్నది ఎంచుకోండి. రెండోది, ఉత్తేజిత విన్యాసాన్ని అసాధ్య విన్యాసంతో కలిపేయడం. 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3పి¹ తప్పు కాదు, ఉత్తేజిత సోడియం. ఆ ఎలక్ట్రాన్ 3పి నుంచి 3ఎస్‌కి దిగేటప్పుడు వచ్చే 589 నానోమీటర్ల కాంతే పాత సోడియం వీధి దీపాల పసుపు. 1ఎస్³ అన్నా, 2డి¹ అన్నా మాత్రం ఏ స్థాయిలోనూ ఉండవు. మొదటిది పౌలి వర్జన నియమానికి (ఒక ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లకి మించి పట్టవు) విరుద్ధం, రెండోదానిలో ఆ ఉపకర్పరమే లేదు.

తొమ్మిదో తరగతిలో నేర్చుకున్న 2, 8, 8 లెక్కని కాల్షియం దగ్గరే వదిలేయండి. స్కాండియంకి 2, 8, 8, 3 అని రాసేది ఆ అలవాటుతోనే. సరైనది 2, 8, 9, 2. ఐరన్ 2, 8, 14, 2. పరమాణువుల్లో చివరి కర్పరంలో 8కి మించకూడదన్నది (పల్లాడియం తప్ప) నిజమే, చివరి ముందుదానికి ఆ పరిమితి లేదు.

చేసి చూసుకోవడానికి ఆరు ఇస్తున్నాను: వెనేడియం³⁺, కాపర్⁺, గాలియం³⁺, బిస్మత్³⁺, మాలిబ్డినం³⁺, టెర్బియం⁴⁺. ఆవర్తన పట్టిక తప్ప ఇంకేమీ చూడకుండా రాసి, ఈ విలువలతో పోల్చుకోండి: 3డి², 3డి¹⁰, 3డి¹⁰, 4ఎఫ్¹⁴ 5డి¹⁰ 6ఎస్², 4డి³, 4ఎఫ్⁷. గాలియంలో 4పి ముందు పోయిందా, 4ఎస్ ముందా అన్నది కూడా పక్కన రాయండి. మూడూ పోయాయి కాబట్టి జవాబులో తేడా కనిపించదు, గాలియం⁺ అడిగినప్పుడు కనిపిస్తుంది.